రెండు సున్నల లెక్క

చిత్తూరు పట్టణమునకు చేరువనున్న కట్టమంచిలో 1880లో జన్మించిన రామలింగారెడ్డిగారు 1902లో విద్యార్థి వేతనముపై ఇంగ్లండు వెళ్ళినారు. అప్పటికే ఆయన ‘ముసలమ్మ మరణము’ రచించిన యువకవి. కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కళాశాలలో చదివినారు. అక్కడి యూనియన్ సొసైటీకి ఉపాధ్యక్షుడుగా ఎన్నికైనారు. ఈ సంగతులు నేను ఎన్నో ఏండ్లుగా తరగతిలో చెప్పుచునే ఉన్నాను. కాని ఆ ఇరువదిరెండేండ్ల యువకుడు ఆ పరాయి ఊరిలో మధ్యాహ్నము ఏమి తిన్నాడు, ఎవరి ప్రక్కన కూర్చుండి తిన్నాడు, ఇల్లు జ్ఞప్తికి వచ్చిన రాత్రి ఏమి చేసినాడు అని నన్ను ఏ విద్యార్థియు అడుగలేదు, నాకును తోచలేదు. పెద్దల చరిత్రలలో దినచర్య మాసిపోయి ఫలితము మాత్రమే నిలుచును. నాకు ఈ ప్రశ్నలు తోచినది 2025 వేసవిలో. ఆ వేసవిలో మా తమ్ముని కుమార్తె జర్మనీకి పోయి పది వారములుండి వచ్చినది.

తిరుపతికి విద్య క్రొత్త కాదు. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 1983లో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమును ఇక్కడ వెలసినవి. 2015లో ఆరంభమైన ఐ.ఐ.టి., ఐసర్ అను రెండు జాతీయ సంస్థలు నేడు ఏర్పేడు చెంత ప్రాంగణములు కట్టుకొని నడచుచున్నవి. ఇట్టి సంస్థల విద్యార్థులలో పలువురకు వేసవి సెలవులనగా ఇంటికి వచ్చి తోటలో మంచము వేసికొను కాలము కాదు. వారు ‘ఇంటర్న్‌షిప్’ అను దానికి పోవుదురు. దీనిని వేసవి శిష్యరికము అనవచ్చును. ఇది ఉద్యోగము కాదు, పరీక్ష కాదు, విహారము అంతకన్న కాదు. ఒక ఆచార్యుని ప్రయోగశాలలో రెండు మూడు నెలలు పనిచేసి, పని ఎట్లు జరుగునో కన్నులార చూచి వచ్చుట. కెనడా వారి ‘గ్లోబలింక్’, జర్మనీ వారి ‘వైజ్’ ఇందుకై ఏర్పడిన పథకములు. రెండవ దానిని నడుపునది 1925లో పుట్టిన డి.ఏ.ఏ.డి. అను సంస్థ. మా పిల్ల పోయిన ఏడు ఆ సంస్థకు నూరేండ్ల పండుగ.

ఈ పథకములో విద్యార్థి తానే ఒక ఆచార్యునికి లేఖ వ్రాసి ఆహ్వానము సంపాదించుకొనవలెను. మా పిల్ల నలుబది లేఖలు వ్రాసినది. మూడింటికి ప్రత్యుత్తరములు వచ్చినవి. అందు రెండు ‘తావు లేదు’ అన్నవి. ఒకటి ‘రమ్ము’ అన్నది. ఆ రమ్మన్న ఊరు గటింగెన్. 1737 నాటి విశ్వవిద్యాలయము గల చిన్న పట్టణము. గణితశాస్త్రజ్ఞుడు గౌస్ జీవితములో ఎక్కువ భాగము గడపిన చోటు. ఊరి నడుమ ఫౌంటెన్ మీద బాతులు పట్టుకొన్న బాలిక విగ్రహమున్నది. డాక్టరేటు పొందినవారు మెట్లెక్కి ఆ విగ్రహమును ముద్దిడుట అక్కడి ఆచారము.

మే నెలలో చెన్నపట్నపు విమానాశ్రయమునకు అందరము సాగనంపబోయితిమి. ఆమె పెట్టెలో చెనిక్కాయ పొడి, ఊరమిరపకాయలు, చిన్న కుక్కరు ఉన్నవి. తమ్ముడు ఏమియు మాటాడలేదు. పెద్దవాడను గదా, నేను మాటాడితిని. “యూరో అనగా ఇంచుమించు నూరు రూపాయలు. ఏది కొనవలెనన్నను ధరకు రెండు సున్నలు చేర్చి చూచుకొనుము. అప్పుడు చేయి దానంతట అదే వెనుకకు వచ్చును” అని బోధించితిని. ఆమె తల ఊపినది. ఆ బోధ ఎంత దూరము పోవునో అప్పుడు నేనెరుగను.

మొదటి వారములలో ఆమె ప్రతిరాత్రియు ఫోనులో మాటాడెడిది. మనకును వారికిని వేసవిలో మూడున్నర గంటల తేడా. ఆమె నిద్ర లేచునప్పటికి ఇక్కడ పదిన్నర. మేము పండుకొనబోవువేళకు అక్కడ ఇంకను ఎండ. “పెద్దనాయనా, రాత్రి తొమ్మిదిన్నరైనా ఈడ పొద్దు గూకలేదు. అన్నం ఎప్పుడు తినాలో కడుపుకు తెలీడం లేదు” అన్నది. ఉన్నది ఒక చిన్న గది; వంటగది ఏడుగురికి ఉమ్మడి. చెత్తకు నాలుగు తొట్లు. కాగితము ఒకదానిలో, ప్లాస్టిక్కు ఒకదానిలో, గాజు మరియొక చోట. పొరపాటున వేసినచో ఎవరును కేకలు వేయరు, ఒక చీటీ అంటింతురు. రాత్రి పది దాటిన తరువాత చప్పుడు చేయరాదు. పోపు వేసిన మొదటినాడు పొగకు గంట మ్రోగి అందరును వాకిటికి వచ్చినారట. ఆదివారము అంగళ్ళు మూతపడును. శనివారము పాలు, రొట్టె తెచ్చుకొననివారికి ఆదివారము ఏకాదశి.

సీసాల సంగతి ఆమెకు వింతగా తోచినది. నీళ్ళ సీసా కొన్నప్పుడు ఇరువదియైదు సెంట్లు అదనముగా కట్టవలెను. ఖాళీ సీసా అంగడిలోని యంత్రమున వేసినచో ఆ సొమ్ము తిరిగి వచ్చును. ఒక సాయంకాలము ఒక వృద్ధుడు శుభ్రమైన కోటు తొడిగికొని, చెత్తతొట్టిలో చేయిపెట్టి సీసాలు ఏరుకొనుట చూచినది. “ఇంత పెద్ద దేశంలో గూడా ముసలాయన సీసాలేరతా ఉండాడు పెద్దనాయనా” అని, కొంతసేపు మాటాడలేదు. ఆ మరునాటినుండి తన సీసాలను తొట్టి ప్రక్కన నేలమీద నిలిపి వచ్చుచున్నదట. అక్కడ పలువురు అట్లే చేయుదురట. వంగి వెదకు శ్రమ అయినను తప్పునని.

జూన్ నడుమకు వచ్చునప్పటికి మాటలు తగ్గినవి. ముఖము చిక్కినట్లు తోచినది. “పని ఎక్కువగా ఉండాది” అనెడిది. నేను మెచ్చుకొంటిని. ఇంటిలో అందరితోను “మన పిల్ల వేతనములో సగము మిగిల్చుచున్నది” అని చెప్పుకొంటిని.

ఆ మిగులు ఎందులకో తరువాత తెలిసినది. మా తమ్మునికి చిత్తూరుకు ఆమడ దూరములో నాలుగెకరముల మామిడితోట ఉన్నది. అంతయు తోతాపురి. ఈ కాయ తినుటకన్న గుజ్జుకు ప్రసిద్ధి. చిత్తూరు చుట్టుప్రక్కల ఫ్యాక్టరీలలో తీసిన గుజ్జు గల్ఫు దేశములకును ఐరోపాకును ఎగుమతి అగును. 2025లో కాపు విరగకాసినది. పాత గుజ్జు నిలువలుండగా ధర పడిపోయినది. ప్రభుత్వము కిలోకు పండ్రెండు రూపాయలు వచ్చునట్లు, అందు ఎనిమిది ఫ్యాక్టరీలును నాలుగు తానును ఇచ్చునట్లు ప్రకటించినది. అయినను కాయలు దింపుకొనువాడు దొరకవలెను గదా! ఫ్యాక్టరీల వాకిళ్ళలో ట్రాక్టర్లు బారులు తీరినవి. మా తమ్ముడు రెండు రాత్రులు ట్రాక్టరు క్రిందనే పండుకొన్నాడు. ఈ సంగతి బిడ్డకు చెప్పవద్దని అందరికిని ఆన పెట్టినాడు. కాని ఈ కాలమున దాగునదేమున్నది? ట్రాక్టర్ల బారు చిత్రములు ఆమె ఫోనుకు మనకన్న ముందే చేరినవి.

నాటినుండి ఆమె నా లెక్కను కఠినముగా పాటించినది. విశ్వవిద్యాలయ భోజనశాలలో మధ్యాహ్న భోజనము మూడు యూరోలు. రెండు సున్నలు చేర్చినచో మూడు వందల రూపాయలు. నాన్నకు అది ఇరువదియైదు కిలోల కాయల వెల. ఆమె భోజనశాలకు పోవుట మానినది. ఉదయము వండిన అన్నము డబ్బాలో తెచ్చుకొని, అందరును భోజనమునకు పోయిన తరువాత మెట్లమీద ఒంటరిగా తినెడిది. కొన్నాళ్ళు అదియు లేక రొట్టె, పెరుగు.

ఆ ప్రయోగశాలవారు పండ్రెండు గంటలకు ముందే ఒకరినొకరు పిలుచుకొని గుంపుగా భోజనశాలకు పోవుదురు. ఆచార్యురాలును వారితోనే పళ్ళెము పట్టుకొని వరుసలో నిలుచును. మూడు వారములు గడచిన తరువాత ఒకనాడు టర్కీదేశపు సహాధ్యాయిని మెట్లవద్దకు వచ్చి, “మామీద నీకేమైన కోపమా? మాతో తినుట నీకిష్టము లేదా?” అని అడిగినది. పిల్ల నిర్ఘాంతపోయినది. తాను చేయుచున్నది పొదుపు అని ఆమె నమ్మకము. వారు చూచినది తిరస్కారము.

సిగ్గుపడి ఆ మధ్యాహ్నము వెళ్ళినది. ఆమె పని లేసరు కిరణమును దర్పణముల మీదుగా నడిపించి ఒక సన్నని రంధ్రమున చేర్చుట. ఉదయము సరిచేసినది మధ్యాహ్నమునకు తొలగిపోవుచుండెను. తన చేతివాటము చాలదని పది దినములుగా లోలోపల కుమిలిపోవుచుండెను. ఆనాడు బంగాళాదుంపలు తినుచు ఆ మాట ఎత్తగా, ఎదుట కూర్చున్న కుర్రవాడు నవ్వి, “వెలిగించిన వెంటనే సరిచేయుచున్నావా? అది కాగి నిలకడకు వచ్చుటకు గంట పట్టును. ముందు వెలిగించి వదలుము, తరువాత ముట్టుకొనుము” అన్నాడట. ఏ పుస్తకము తెరవకయే పది దినముల చిక్కు ఒక ముద్దలో విడిపోయినది. భోజనపు బల్లయే అసలు తరగతి అని ఆమె గ్రహించినది. మూడు యూరోలకు అక్కడ ఇచ్చునది దుంపలు మాత్రమే కాదు.

ఆ రాత్రి ఆమె ఏడ్చుచు తండ్రికి అంతయు చెప్పివేసినది. తినక మిగిల్చిన సొమ్ము పంపెదననియు చెప్పినది. నేను ప్రక్కనే ఉన్నాను. తమ్ముడు ఎక్కువ చదివినవాడు కాడు. కొంతసేపు ఊరకుండి అన్నాడు: “కాపుకొచ్చే చెట్టుకు నీళ్ళు కడతాం పాపా. అది ఆ నీళ్ళు తాగకుండా దాచిపెట్టి మళ్ళా మనకే ఇస్తే మనం ఏం జేసుకుంటాం? వాళ్ళు నీకు దుడ్లిచ్చింది ఆడ తిని, తిరిగి, నేర్చుకునేదానికి. తోట సంగతి నేను చూసుకుంటా.”

ఫోను పెట్టివేసిన తరువాత నావైపు చూచినాడు. “అన్నా, ఆ సున్నల లెక్క నువ్వే గదా చెప్పింది” అన్నాడు. ఆ మాటలో కోపము లేదు. అందువలననే నాకు బదులు తోచలేదు. ముప్పది ఏండ్లుగా విద్య గొప్పదని చెప్పి బ్రతుకుచున్న నేను, విద్యకై దూరదేశము పోవు బిడ్డకు వెలలు మాత్రమే నేర్పి పంపితిని.

జూలై మొదటి వారములో ఐరోపా అంతట వడగాలి వీచినది. జర్మనీలో కొన్నిచోట్ల ముప్పదియెనిమిది డిగ్రీలు దాటినది. ఆ గదులలో పంకాలు ఉండవు. “తిరుపతి పిల్లనైనా ఉడికిపోతా ఉండా” అని నవ్వినది. ఆ నవ్వు విని చాల దినములైనది. ఆ శనివారమే అంగడిలో మామిడిపండ్లు కనబడినవి. ఒక్కొక్కటి ఒకటిన్నర యూరో. అలవాటు చొప్పున సున్నలు చేరినవి: నూటయేబది రూపాయలు. అరకిలో తోతాపురికి తండ్రికి వచ్చునది ఆరు రూపాయలు. ఆ ఆరుకును ఈ నూటయేబదికిని నడుమ ఓడలు, శీతల గిడ్డంగులు, దళారులు, అంగళ్ళు, సుంకములు ఎన్నియో ఉన్నవని ఆమెకు తెలియును. తెలిసినంతమాత్రమున ఆ ఎడము పూడదు. చాలసేపు అక్కడనే నిలిచినదట.

పిమ్మట ఒక పండు కొన్నది. ఉమ్మడి వంటగదిలో ముక్కలు కోసి, ఉప్పును కారమును చల్లి, ఏడుగురికిని పంచినది. మామిడికి కారమేమిటని వారు జంకి, తిని, మరల చేయి చాచినారట. ఆ రాత్రి తండ్రి అడిగిన ప్రశ్న ఒక్కటే: “రుచి ఎట్లుండాది?”

“మన కాయ మాదిరి లేదు నాయనా.”

ఆ మాటకు మా తమ్ముని ముఖమున కనబడిన వెలుగు ఆ ఏడు పండిన పంట కూడ తేలేదు.

రామలింగారెడ్డిగారి కాలమున ఇంగ్లండునుండి జాబు రావలెనన్న వారముల మాట. బిడ్డ ఆకలి ఇంటికి తెలియునప్పటికి ఆ ఆకలియే మారిపోయి ఉండును. నేడు రాత్రికి రాత్రి ముఖము కనబడుచున్నది. అయినను మూడు వారములు ఆమె ఆకలి మాకు కనబడలేదు. దూరము సముద్రములో మాత్రమే లేదు, మనము అడుగు ప్రశ్నలలోను ఉన్నది. “ఎంత మిగిలినది?” అని నేను అడిగితిని. “ఎవరితో తింటివి?” అని అడిగియుండవలసినది. విదేశములకు బిడ్డలను పంపు తలిదండ్రులు తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో ఏటేట పెరుగుచున్నారు. వారికి నేను చెప్పగలిగినది ఈ ఒక్క ప్రశ్న.

ఆగస్టు మొదట ఆమె తిరిగి వచ్చినది. చెన్నపట్నమునుండి వచ్చునప్పుడు దారిలో పుత్తూరు దగ్గర టీ త్రాగుటకు ఆగితిమి. గ్లాసు పదిహేను రూపాయలు. ఆమె గ్లాసు చేతబట్టుకొని ఏదో గొణిగినది. ఏమని అడిగితిని. “సున్నలు తీసేస్తా ఉండా పెద్దనాయనా. పదిహేను సెంట్లే!” అని నవ్వినది.

“ఇంక ఆ లెక్క చాలించు పాపా,” అన్నాడు మా తమ్ముడు, “టీ చల్లారిపోతాది.”