గన్‌ఫౌండ్రి బడి నుంచి టెస్ట్ క్రికెట్ దాకా: ఆల్ సెయింట్స్ క్రీడా వారసత్వం

హైదరాబాద్: 1971 ఆగస్టు 24న లండన్‌లోని ఓవల్ మైదానంలో భారత్ విజయలక్ష్యం 173 పరుగులు. విజయం మూడు పరుగుల దూరంలో ఉండగా గుండప్ప విశ్వనాథ్ ఔటయ్యాడు. తరువాత వచ్చిన బ్యాటర్ బంతిని బౌండరీకి తరలించడంతో ఇంగ్లండ్ గడ్డపై భారత్‌కు తొలి టెస్ట్ విజయం, దానితో పాటే తొలి సిరీస్ విజయం దక్కాయి. ఆ బౌండరీ కొట్టిన సయ్యద్ ఆబిద్ అలీ హైదరాబాదీ. నగరంలోని గన్‌ఫౌండ్రిలో ఉన్న ఆల్ సెయింట్స్ హైస్కూల్ పూర్వ విద్యార్థి.

ఒక్క క్యాథలిక్ పాఠశాల నుంచి నలుగురు భారత క్రికెటర్లు రావడం యాదృచ్ఛికమేనా? ఆబిద్ అలీ తరువాత మహమ్మద్ అజారుద్దీన్, వెంకటపతి రాజు, నోయెల్ డేవిడ్ కూడా ఇక్కడే చదువుకున్నారు. దీనికి జవాబు తరగతి గదుల్లో కంటే ఆ బడి ఉన్న చోటులోనే ఎక్కువగా దొరుకుతుంది.

ఆల్ సెయింట్స్ 1855లో ప్రారంభమైంది. నిజాం రాజ్యంలో క్యాథలిక్ మిషనరీల విద్యాసేవ అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటున్న కాలమది. ప్రస్తుతం దీనిని మోంట్‌ఫర్ట్ బ్రదర్స్ ఆఫ్ సెయింట్ గేబ్రియల్ సంస్థ నిర్వహిస్తోంది. ఫ్రాన్స్‌లో పుట్టిన ఈ సంస్థ సోదరులు 1903లో భారతదేశానికి వచ్చారు. గన్‌ఫౌండ్రి అన్న పేరుకు కూడా ఒక ఫ్రెంచి నేపథ్యం ఉండటం విశేషం. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 18వ శతాబ్దం చివర ఇక్కడ ఫిరంగుల కార్ఖానా నెలకొల్పాడు. స్థానికులు ‘తోప్ కా సాంచా’ అని పిలిచేది దానినే. ఫిరంగులు పోతపోసిన పేటలో తరువాతి కాలంలో బౌలర్లు, బ్యాటర్లు తయారయ్యారు.

పాఠశాల నుంచి కాలినడకన వెళ్లగలిగినంత దూరంలోనే ఫతే మైదాన్ ఉంది. నేటి లాల్ బహదూర్ స్టేడియం అదే. నిజాం కళాశాల కూడా ఆ పక్కనే. 1955 నవంబరులో ఫతే మైదాన్‌లో హైదరాబాద్ తొలి టెస్ట్ మ్యాచ్ జరిగింది. న్యూజిలాండ్‌పై పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో ఒక భారతీయుడు సాధించిన తొలి ద్విశతకం అది. అప్పటికి ఆబిద్ అలీ వయసు పద్నాలుగేళ్లు. ఆ మరుసటి ఏడాదే అతడు హైదరాబాద్ స్కూల్స్ జట్టుకు ఎంపికయ్యాడు. ఎంపికదారులను ఆకట్టుకున్నది అతడి ఫీల్డింగ్. కేరళపై 82 పరుగులు చేసి, ఉత్తమ ఫీల్డర్ బహుమతి కూడా అందుకున్నాడు. (ఆబిద్ అలీ సమీపంలోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్‌లోనూ చదివాడు. కనుక ఈ ఘనతలో ఆ బడికీ వాటా ఉంది.)

నాటి వ్యవస్థ ఎలా పనిచేసేదో ఆబిద్ అలీ ప్రస్థానమే చెబుతుంది. బడి జట్టులో రాణించిన బాలుడు నగర పాఠశాలల జట్టుకు వెళ్లేవాడు. 1945-46లో మొదలైన కూచ్ బెహార్ ట్రోఫీ తొలి దశాబ్దాల్లో పాఠశాలల జట్ల మధ్య పోటీయే. ఆ పైన కళాశాల, క్లబ్బు, రంజీ జట్టు. క్రికెట్ జట్టును ఏర్పాటు చేసుకున్న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఆబిద్ అలీకి ఉద్యోగం ఇచ్చింది. ఆటగాడికి జీతం లేని రోజుల్లో బ్యాంకు కొలువే అతడిని ఆటలో నిలబెట్టింది. 1967 డిసెంబరులో అడిలైడ్‌లో ఆడిన తొలి టెస్టులోనే అతడు 55 పరుగులకు 6 వికెట్లు పడగొట్టాడు. మొత్తం 29 టెస్టులు ఆడాడు. 2025 మార్చి 12న అమెరికాలో కన్నుమూశాడు.

ఆల్ సెయింట్స్ పేరు దేశమంతటికీ తెలిసింది మాత్రం అజారుద్దీన్ వల్లనే. బడి నుంచి నిజాం కళాశాలకు, అక్కడి నుంచి రాష్ట్ర జట్టుకు అదే బాటలో నడిచిన అతడు 1984 డిసెంబరు 31న కోల్‌కతాలో ఇంగ్లండ్‌తో మొదలైన టెస్టులో అరంగేట్రం చేశాడు. తొలి మూడు టెస్టుల్లోనూ శతకాలు బాదాడు. ఆ రికార్డును నేటికీ ఎవరూ అందుకోలేదు. 99 టెస్టుల్లో 6,215 పరుగులు, మూడు ప్రపంచకప్‌లలో సారథ్యం అతడి ఖాతాలో ఉన్నాయి. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై 2000లో బీసీసీఐ విధించిన జీవితకాల నిషేధం కూడా ఈ చరిత్రలో భాగమే. ఆ నిషేధం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012లో తీర్పు చెప్పింది. వందో టెస్టు మాత్రం అతడికి దక్కలేదు.

తూర్పు గోదావరి జిల్లా ఆలమూరులో పుట్టిన వెంకటపతి రాజు ఎడమచేతి స్పిన్నర్. 1990లో చండీగఢ్‌లో 12 పరుగులకే 6 వికెట్లు తీసి, శ్రీలంకను 82 పరుగులకు కుప్పకూల్చాడు. నోయెల్ డేవిడ్ 1997లో నాలుగు వన్డేలు ఆడాడు. అయితే 1994లో ఆంధ్రపై హైదరాబాద్ 6 వికెట్లకు 944 పరుగులు చేసిన రంజీ మ్యాచ్‌లో అతడి అజేయ 207 పరుగులు స్థానిక అభిమానులకు బాగా గుర్తు. ఒక ముస్లిం కుటుంబం, ఒక హిందూ కుటుంబం, ఒక క్రైస్తవ కుటుంబం తమ పిల్లలను ఒకే బడికి పంపాయన్నది ఈ పేర్లను బట్టే తెలుస్తుంది.

రాజు చివరి టెస్ట్ 2001 మార్చిలో కోల్‌కతాలో ఆస్ట్రేలియాపై ఆడినది. ఫాలోఆన్ ఆడుతూ వీవీఎస్ లక్ష్మణ్ 281 పరుగులు చేసిన మ్యాచ్ అదే. లక్ష్మణ్ చదివిన లిటిల్ ఫ్లవర్ హైస్కూల్ కూడా అబిడ్స్ ప్రాంతంలోనిదే, దాని నిర్వాహకులు కూడా మోంట్‌ఫర్ట్ సోదరులే. ఒకే సంస్థకు చెందిన రెండు ఇరుగుపొరుగు బడుల పూర్వ విద్యార్థులు ఆ రోజు ఈడెన్ గార్డెన్స్‌లో ఒకే జట్టులో ఉన్నారు.

ఆ తరువాత ఈ వలయం సడలింది. కూచ్ బెహార్ ట్రోఫీ 1980లలోనే అండర్-19 పోటీగా మారింది. దాంతో బాలుడి గుర్తింపు బడి నుంచి వయోవిభాగానికి, క్రమంగా ఫీజులు వసూలు చేసే శిక్షణ అకాడమీలకు తరలింది. లాల్ బహదూర్ స్టేడియంలో చివరి వన్డే 2003లో జరిగింది. అంతర్జాతీయ మ్యాచ్‌లు 2005 నుంచి నగరం తూర్పు అంచున ఉన్న ఉప్పల్‌కు మారాయి. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్దేశిస్తున్నా, ఇరుకు భవనాల్లో నడిచే బడులకు నగరంలో కొదవ లేదు. బడి మైదానం, అంతర్ పాఠశాలల టోర్నీ ఉన్నప్పుడు అకాడమీ ఫీజు కట్టలేని ఇంటి పిల్లవాడు కూడా ఎంపికదారుల కంట పడే వీలుండేది. 1956లో ఆబిద్ అలీ వారి దృష్టిలో పడింది ఒక పాఠశాల విద్యార్థిగానే.