పిడికెడు ఇసుకతో కొండెక్కే బొగ్గు బండి

డార్జిలింగ్: ఇక్కడి స్టేషనులో రైలు కదిలే ముందు ఇద్దరు మనుషులు ఇంజను ముందు భాగాన, బఫరు దూలం మీద చెరో వైపు ఎక్కి కూర్చుంటారు. వారి దగ్గర ఉండేది ఇసుక. చక్రం జారబోతున్నదని తోచినప్పుడల్లా పిడికెడు తీసి పట్టా మీద వేయడమే వారి పని. యంత్రం లేదు, గొట్టం లేదు. అంతా చేత్తోనే. వాన పడ్డ రోజున ఆ ఇసుక లేకపోతే ఇంజను ఉన్నచోటనే చక్రాలు తిప్పుకుంటూ నిలబడిపోతుంది.

పశ్చిమ బెంగాల్ కొండల్లోని ఈ బుల్లి రైలు మార్గం 1881లో డార్జిలింగ్ వరకు పూర్తయింది. పట్టాల మధ్య వెడల్పు రెండడుగులే. 1999లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ‘బి’ తరగతి ఆవిరి ఇంజన్ల తయారీ 1889లో మొదలైంది. వాటిలో కొన్ని నేటికీ డార్జిలింగ్, ఘూమ్ స్టేషన్ల మధ్య యాత్రికులను తిప్పుతున్నాయి. ఘూమ్ 7,407 అడుగుల ఎత్తున ఉంది.

మన పెద్దవారికి బొగ్గు ఇంజను కొత్తేమీ కాదు. సింగరేణి బొగ్గుతో రైళ్లు నడిచిన రోజుల్లో కిటికీ పక్కన కూర్చుంటే కంట్లో నలుసు, దిగేసరికి తెల్లచొక్కా మసి. దేశంలో పెద్దలైను మీద ఆవిరి ఇంజన్ల సర్వీసులు 1995లో ముగిశాయి. అయితే ఆ ఇంజనులో నిలబడినవాడి పాట్లు ప్రయాణికులు చూసింది తక్కువే.

పని షెడ్డులో తెల్లవారకముందే మొదలవుతుంది. చల్లబడిన బాయిలరులో ఆవిరి పుట్టడానికి గంటలు పడుతుంది. తొందరపడి మంట పెంచితే ఇనుము ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ సాగి అతుకులు కారతాయి. నిప్పు రాజుకునేలోగా డ్రైవరు నూనె డబ్బా పట్టుకొని ఇంజను చుట్టూ తిరిగి, కదిలే ప్రతి కీలుకూ నూనె పోస్తాడు.

బండి బయలుదేరాక డ్రైవరుకు, ఫైర్‌మన్‌కు నిలబడే చోటు కూడా ఇరుకే. ఎదుట కొలిమి, వెనుక మంచుగాలి. వారి ముందున్న బొగ్గు పెట్టె మీద మరో మనిషి కూర్చొని పెద్ద పెళ్లలను సుత్తితో పగులగొట్టి అందిస్తుంటాడు. పార తిప్పడం వచ్చినంత మాత్రాన ఫైర్‌మన్ అయిపోరు. నిప్పు పలుచగా, సమంగా పరచుకోవాలి. ఎక్కడైనా సందు పడితే చల్లగాలి దూరి ఆవిరి పడిపోతుంది. మందంగా వేస్తే నల్లపొగ లేస్తుంది. ఆ పొగ చూసి యాత్రికులు సంబరంగా ఫోటోలు తీసుకుంటారు గానీ ఫైర్‌మన్ లెక్కలో అది వృథా అయిన బొగ్గు.

అన్నిటికన్నా భయం నీటితో. కొలిమి పైకప్పు ఎప్పుడూ నీటిలో మునిగి ఉండాలి. నీరు దిగితే ఆ ఇనుము ఎర్రగా కాలి మెత్తబడుతుంది, బాయిలరు పేలిపోతుంది. అంతదాకా రాకుండా పైకప్పులో సీసం పోసిన మర ఉంటుంది. సీసం కరిగితే ఆవిరి దూసుకొచ్చి నిప్పును ఆర్పడానికి చూస్తుంది. గాజు గొట్టంలో నీటిమట్టం కనిపిస్తుంది కదా అంటే, కొండదారిలో ఆ గాజునూ పూర్తిగా నమ్మడానికి లేదు. ఎగువలో ఒక మట్టం, దిగువలో ఒక మట్టం చూపుతుంది. ఆ తేడాను మనసులో లెక్కగట్టుకుని ఇంజెక్టరు తిప్పి నీరు ఎక్కించాలి. చల్లటి నీరు ఒక్కసారిగా ఎక్కువ పడితే ఆవిరి బలం తగ్గుతుంది. ఎత్తు మధ్యలో అలా జరిగితే బండి ఆగిపోవడమే.

దారి మరీ చిత్రం. పట్టాలు రోడ్డు పక్కనే పోతూ, మాటిమాటికీ రోడ్డును దాటుతూ ఉంటాయి. కొన్నిచోట్ల దుకాణాల గుమ్మాలను రాసుకున్నట్టే ఉంటుంది. జీపు అడ్డం వచ్చినా, పిల్లవాడు పరుగెత్తినా కూత వేయాలి, ఆవిరి కట్టాలి, మళ్లీ ఎత్తు మీద కదలాలి. ముందున్న ఇద్దరూ అప్పుడే ఎక్కువ ఇసుక వేస్తారు. బతాసియా దగ్గర దారి తన మీదుగా తానే చుట్టు తిరుగుతుంది. చూపరులకు అది వేడుక. డ్రైవరుకు మాత్రం రెగ్యులేటరు మీది చేయి తీయడానికి వీలుండదు.

2000లో ఈ మార్గానికి డీజిల్ ఇంజన్లు వచ్చాయి. 2010లో పాగ్లాఝోరా వద్ద కొండ విరిగిపడి సిలిగురి నుంచి నేరుగా వచ్చే రాకపోకలు ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. ఆవిరి ఇంజనుకు ఏ భాగం అరిగినా బజారులో దొరకదు. తిన్‌ధరియా వర్క్‌షాపులో చేయించుకోవలసిందే. భాగాలు చేయించుకోవచ్చు గానీ, గాజులోని నీటిని చదివే కన్నును ఏ వర్క్‌షాపు చేసిస్తుంది? పాతవారి పక్కన నిలబడి, ఒక చలికాలం, ఒక వానకాలం గడిపితేగాని అది అబ్బదు. యాత్రికుల బండ్లు తిరిగినన్నాళ్లే కొత్తవారికి అలా నిలబడే చోటు దొరుకుతుంది.

సాయంత్రం బండి షెడ్డు చేరాక యాత్రికులు టీ దుకాణాల వైపు వెళ్లిపోతారు. ఫైర్‌మన్‌కు ఇంకా పని ఉంటుంది. గట్టిపడిన చిట్టెం రాబట్టి, బూడిద దులిపి, గాజులో నీరు మరోసారి చూసుకుని దిగుతాడు. ఇసుక మనుషులు తడిసిన ఇసుకను పారబోసి, మర్నాటికి పొడి ఇసుక చూసుకుంటారు.