ఎత్తైన కొండల్లో పరుగు: వేగాన్ని ఊపిరే చెప్పాలి

లద్దాఖ్‌లో జరిగే ‘ఖార్దుంగ్ లా చాలెంజ్’ ప్రపంచంలోని అతి ఎత్తైన పరుగు పందేల్లో ఒకటి. దూరం 72 కిలోమీటర్లు. ఖార్దుంగ్ గ్రామం వద్ద మొదలై, 5,300 మీటర్లకు పైబడిన ఖార్దుంగ్ లా కనుమ దాటి, సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో ముగుస్తుంది. మైదానాల్లో ఎంతో దూరం అలవోకగా పరుగెత్తేవారు కూడా ఇక్కడ తమ మామూలు వేగంతో బయలుదేరితే కనుమ చేరకముందే నీరసించిపోతారు. ఎందుకు?

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడా అది దాదాపు 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. అందువల్ల సముద్రమట్టం వద్ద ఒక్క శ్వాసలో అందే ఆక్సిజన్‌లో లేహ్ వద్ద మూడింట రెండు వంతులు, కనుమ వద్ద సగానికి కాస్త ఎక్కువ మాత్రమే అందుతుంది. ఫలితంగా, శరీరం ఆక్సిజన్‌ను వాడుకోగల గరిష్ఠ సామర్థ్యం కూడా తగ్గిపోతుంది. విశాఖ తీరంలో తేలికగా అనిపించే వేగమే అక్కడ ఆయాసం తెప్పిస్తుంది. కండరాల్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ త్వరగా కరిగిపోతుంది.

కాబట్టి కిలోమీటరుకు ఎన్ని నిమిషాలన్న లెక్క ఇక్కడ పనికిరాదు. వేగం మారినా శ్రమ ఒకే తీరుగా ఉండాలి. దీనికి సులువైన కొలమానం మాట. ఎగుడులో కూడా చిన్న వాక్యాలు పలకగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. రెండు ముక్కలకే ఊపిరి ఆడకపోతే తగ్గించాలి. నిటారు ఎగుడులో నెమ్మదిగా పరుగెత్తడం కంటే అదే వేగంతో నడిస్తే తక్కువ శక్తి ఖర్చవుతుంది. అందుకే అనుభవజ్ఞులు సైతం అక్కడ నడుస్తారు.

కనుమ దాటాక ఊపిరి క్రమంగా తేలికపడుతుంది, కానీ తొడల కష్టం మొదలవుతుంది. దిగుడులో తొడ ముందు కండరాలు సాగుతూనే బిగుసుకుని శరీర బరువును ఆపాలి. ఈ పనిలో కండర పోగులకు సూక్ష్మమైన గాయాలవుతాయి. తిరుమల మెట్లు దిగి వచ్చిన మర్నాడు కాళ్లు పట్టేయడానికి కారణమిదే. అయితే, ఒకసారి ఇలా నొచ్చిన కండరం కోలుకున్నాక తర్వాతిసారి తక్కువగా నొస్తుంది. కనుక పందేనికి కొన్ని వారాల ముందు నుంచే వాలు దారుల్లో దిగే సాధన కొద్దికొద్దిగా పెంచాలి. ఊరి చివర గుట్టయినా, ఎత్తైన భవనం మెట్లయినా ఇందుకు చాలు.

పలచని గాలికి అలవాటుపడటం మాత్రం అక్కడికి వెళ్తేనే సాధ్యం. ఎత్తుకు చేరిన కొన్ని గంటల్లోనే శ్వాస వేగం పెరుగుతుంది. దానివల్ల రక్తంలో ఆమ్ల–క్షార సమతుల్యత మారుతుంది. మూత్రపిండాలు దాన్ని సరిదిద్దడానికి కొన్ని రోజులు, ఎర్ర రక్తకణాలు చెప్పుకోదగ్గంతగా పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. విమానంలో నేరుగా లేహ్‌కు చేరినవారు మొదటి రెండు రోజులూ విశ్రాంతి తీసుకోవాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి బస ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది పర్వత వైద్యుల సూచన.

ఆహారమూ ముఖ్యమే. ఎత్తులో ఆకలి మందగిస్తుంది. అందుకే ఆకలి వేసేదాకా ఆగకుండా గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు తీసుకోవాలి. నీళ్లు దాహాన్ని బట్టి తాగాలి. అతిగా తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు.

తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం పర్వత అస్వస్థతకు తొలి సూచనలు. అడుగులు తడబడినా, మాట తికమకపడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అది మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరుతున్న లక్షణం కావచ్చు, ప్రాణాంతకం కావచ్చు. వెంటనే కిందికి దిగడమే దీనికి ముఖ్యమైన చికిత్స. ఖార్దుంగ్ లా దారిలో ఇక్కడే ఒక చిక్కుంది. కనుమ చేరేదాకా ముందుకు వేసే ప్రతి అడుగూ మరింత ఎత్తుకే తీసుకెళ్తుంది. ‘పైకి చేరితే ఆ తర్వాత అంతా దిగుడే కదా’ అని కొనసాగకూడదు. లక్షణాలు కనిపించిన చోటే ఆగి, సహాయ సిబ్బందికి చెప్పి, వెనక్కి దిగాలి.