అచ్చుకు ముందే ఆటకు పరీక్ష

బల్ల చుట్టూ కూర్చుని, ఒకరు కథ నడిపిస్తుండగా మిగిలినవారు పాత్రలు ధరించి పాచికల సాయంతో ఆడే ఆటలకు నియమావళే ప్రాణం. రూపకర్తలు దానిని అసంపూర్ణంగా ఉండగానే ఆటగాళ్ల చేతికి ఇవ్వడానికి కారణముంది. రూపకర్త పక్కనుంటే సందేహాలు నోటిమాటతో తీరిపోతాయి. కొత్తవారికి కాగితంపై ఉన్నదే ఆధారం. వారు తడబడిన చోటే లోపం బయటపడుతుంది.

1974లో అమెరికాలో వెలువడిన 'డంజన్స్‌ అండ్‌ డ్రాగన్స్‌' ఈ కోవకు చెందినదే. దాని అయిదో కూర్పు ముసాయిదాను ప్రచురణకర్తలు 2012 మేలో బహిరంగ పరీక్షకు పెట్టారు. 1.75 లక్షల మందికి పైగా పాల్గొన్నారు. వారి అభిప్రాయాల మేరకు నియమాలు పలుమార్లు మారాయి. తుది పుస్తకాలు 2014లో వచ్చాయి.

'బాగుందా?' అని అడిగితే మొహమాటపు జవాబే వస్తుంది. 'ఆట ఎక్కడ ఆగింది? ఏ నియమం రెండుసార్లు చదవాల్సి వచ్చింది?' అని అడగాలి. ముసాయిదాలో తప్పు దిద్దడం తేలిక. అచ్చయ్యాక ఆ భారం కొన్నవారిపై పడుతుంది.