కన్నీటి కాలువలో వెండి పుల్ల

ధవళేశ్వరం ఆనకట్ట కింద పుట్టి పెరిగినవాళ్లకు కాలువ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. నీళ్లు గట్టు మీదుగా పొర్లుతుంటే ఎగువన ఎక్కువ వదిలారని కాదు, శివార్లలో ఎక్కడో తూము మూసుకుపోయిందని అనుమానిస్తారు. పసిపిల్లల కన్ను కారుతుంటే మాత్రం ఈ తెలివి మనకు గుర్తు రాదు. దిష్టి అంటాం, వేడి చేసిందంటాం, నాలుగు చుక్కలు తల్లిపాలు పిండమంటాం. రాజమహేంద్రవరంలో ఏ పిల్లల డాక్టరు దగ్గర కూర్చున్నా ఒక కంటికి పుసులు కట్టిన బిడ్డ, ఆ పక్కనే సలహా చెప్పే అమ్మమ్మ కనబడకపోరు.

కంటికి ఉన్నది అచ్చంగా మన డెల్టా ఏర్పాటే. రెప్పల లోపలి కొసన పైన ఒకటి, కింద ఒకటి సూదిబెజ్జాలుంటాయి. వాటి నుంచి రెండు పిల్లకాలువలు ముక్కు పక్కనున్న చిన్న సంచిలో కలుస్తాయి. సంచి నుంచి పెద్దకాలువ ముక్కులోకి దిగుతుంది. ఏడ్చినప్పుడు ముక్కు చీదేది అందుకే. కంట్లో వేసిన చుక్కల మందు చేదు గొంతుకు తగిలేదీ ఆ దారినే. పెద్దకాలువ శివారున, ముక్కులో పడే చోట, ఒక పలచని పొర ఉంటుంది. పుట్టే వేళకు అది తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే నీళ్లు వెనక్కి తన్ని చెంప మీదికి కారతాయి, నిలిచిన నీటిలో పుసి చేరుతుంది. 100 మంది పసివాళ్లలో 5 నుంచి 20 మందికి ఈ ఇబ్బంది ఉంటుంది. వీరిలో 10కి 9 మందికి ఏడాది నిండేలోపు తనంతట తానే సర్దుకుంటుంది.

సర్దుకోని ఆ ఒక్కరి కోసం పుట్టిన పరికరం కథ ఇది. చూడ్డానికి ఏమంత లేదు, ఒక మొండికొన పుల్ల.

పుల్ల అంటే చిన్నచూపు వద్దు. ఆయుర్వేదంలో కన్ను, చెవి, ముక్కు వైద్యానికి శాలాక్యతంత్రం అని పేరొచ్చింది శలాక, అంటే పుల్ల, వల్లనే. సుశ్రుతుడు లెక్కపెట్టిన 101 యంత్రాల్లో 28 శలాకలే. కన్నీటి సంచి చీముపట్టి పుండైతే పాతకాలపు ఐరోపాలో చేసిన వైద్యం కోసి, కాల్చిన ఇనుముతో వాతపెట్టడం. ఫ్రెంచి శస్త్రవైద్యుడు డొమినిక్ అనెల్‌కు ఆ పద్ధతి నచ్చలేదు. కాలువకు దారి ఉండగా చర్మాన్ని తగలబెట్టడమెందుకు? రెప్ప బెజ్జంలోంచే దూరే సన్నని వెండి సలాక ఒకటి, ఆ దారిలోనే నీళ్లు పంపే బుల్లి పిచికారి ఒకటి చేయించి, ఆ పద్ధతిని 1713లో ప్రచురించాడు. ఆనాటి పెద్దలు చాలామంది ఆయన్ను నమ్మలేదు. ఇవాళ ఏ కంటాసుపత్రిలోనైనా కన్నీటి దారిలోకి నీళ్లు పంపి చూస్తున్నారంటే అది అనెల్ పెట్టిన అలవాటే.

పుల్లకు స్థిరమైన రూపం వచ్చింది లండన్‌లో. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయితే, అయిదేళ్లకు, 1857లో, విలియం బౌమన్ తన సలాకల వరసను లోకానికి చెప్పాడు. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే గిన్నెకు బౌమన్ గుళిక అని స్కూల్లో చదువుకున్నాం కదా, ఆ బౌమనే. ఒంట్లో నీళ్ల దారులంటే ఈయనకు ప్రత్యేకమైన ఆసక్తి అనిపిస్తుంది నాకు. ఆయన సలాకకు రెండు కొసలూ పనికొస్తాయి, నడుమ పట్టుకోవడానికి చదునైన బిళ్ల, దాని మీద నంబరు. నంబరు పెరిగితే లావు పెరుగుతుంది. సున్నాలు పెరిగితే సన్నబడుతుంది. పసివాళ్లకు వాడేది ఆ సున్నాల వైపువే. సలాక పట్టేందుకు పిల్లకాలువను చీల్చడం కూడా బౌమన్ పద్ధతిలో భాగం. చీలిక పోయింది, సలాక మిగిలింది. వెండి పోయి స్టీలు వచ్చింది.

పని జరిగేది నిమిషాల్లోనే. బిడ్డకు మత్తిచ్చి, బెజ్జాన్ని కొద్దిగా వెడల్పు చేస్తారు. సలాకను ముందు నిలువుగా ఓ రెండు మిల్లీమీటర్లు, తరువాత అడ్డంగా సంచి దాకా పంపుతారు. అక్కడ ఎముక గట్టిగా తగులుతుంది. అప్పుడు సలాకను నిటారుగా తిప్పి కిందికి దించుతారు. శివారు పొర దగ్గర చేతికి చిన్న అడ్డు తెలిసి, టప్పున వదులుతుంది. ఆపైన రంగునీళ్లు పంపితే ముక్కులోంచి వస్తాయి, దారి పడినట్టు. డాక్టరు చెయ్యి తొందరపడితే కాలువ పక్కన దొంగదారి పడుతుంది. అందుకే ఇప్పుడు ముక్కులోంచి ఎండోస్కోపుతో సలాక కొనను కళ్లారా చూస్తూ చేయడం పెరిగింది. అమెరికా పిల్లల కంటి డాక్టర్ల బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో నాలుగేళ్లలోపు పిల్లలకు మొదటిసారి చేసిన ఈ సలాక వైద్యం (ప్రోబింగ్) 78 శాతం ఫలించింది. ఈ కాలువ శాస్త్రానికి ఇవాళ హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పెద్ద కేంద్రం. అక్కడి డాక్టర్ మహమ్మద్ జావేద్ అలీకి 2019లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది.

అయినా ముందు వాడాల్సింది సలాక కాదు, తల్లి చూపుడువేలు. క్రిగ్లర్ అనే అమెరికా డాక్టరు 1923లో చెప్పిన మర్దన ఇది. గోరు తీసేసి, చేతులు కడుక్కుని, కంటి లోపలి మూలన వేలు ఆనించి ముక్కు పక్కగా కిందికి నొక్కుతూ జరపాలి. సంచిలోని నీటి ఒత్తిడికే పొర చిరగాలి. పైపైన చర్మం నిమిరితే లాభం లేదు. మన కాలువల్లో పూడిక తోసేసేదీ నీటి వేగమే. తల్లిపాలు, కాటుక మాత్రం ఈ పనికి పనికిరావు. మసి ఆ బెజ్జం దగ్గరే పేరుకుంటుంది.

కారే ప్రతి కన్నుకూ కాలువే కారణమనుకోకండి. నీరు కారుతూ, వెలుతురు చూడలేక బిడ్డ మొహం దాచుకుంటూ, నల్లగుడ్డు పెద్దగానో మసకగానో ఉంటే అది పుట్టుకతో వచ్చే గ్లకోమా కావచ్చు. కలువల్లాంటి కళ్లని మురిసిపోయి ఆలస్యం చేసే ఇళ్లున్నాయి. ఈ జబ్బు మన ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 కాన్పులకు ఒకటని వైద్య పుస్తకాల్లో నమోదైంది, పాశ్చాత్య దేశాల కంటే బాగా ఎక్కువ. మేనరికాల పాత్ర ఇందులో ఉంది. కంటి మూలన నీలంగా ఉబ్బినా, ఎర్రబారి జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

అసలు నా ఆందోళన వేరు. కారే కన్ను అమ్మ కంట పడుతుంది, లేజీ ఐ పడదు. రెండు కళ్ల పవర్‌లో తేడా ఉంటే మెదడు స్పష్టంగా కనిపించే కంటిని వాడుకుని రెండోదాన్ని పక్కన పెడుతుంది, లేజీ ఐ అంటే అదే. పసితనంలో వాడని కంటికి మెదడులో చోటు కుదించుకుపోతుందని పిల్లికూనల మీద నిరూపించిన హ్యూబెల్, వీజెల్‌లకు 1981లో నోబెల్ వచ్చింది. కన్నీటి కాలువ మూసుకుపోయిన పిల్లల్లో ఈ పవర్ తేడా ఎక్కువగా, చాలాసార్లు కారే కంట్లోనే, కనబడిందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. అంత తేడా లేదని మరికొన్ని అన్నాయి. డాక్టర్లు వాదించుకోనివ్వండి. పరీక్ష చేయించడానికి ఆ వాదన తేలక్కర్లేదు. అక్షరాలు రాని బిడ్డకు పవర్ చూడటానికి రెటినోస్కోపు 1873 నుంచే ఉంది. కంట్లోకి వెలుగు పంపి, తిరిగొచ్చే వెలుగు కదలికను బట్టి పవర్ కడతారు. బిడ్డ నోరు విప్పక్కర్లేదు.

2019 అక్టోబరులో మన రాష్ట్రంలో మొదలైన కంటి వెలుగు పథకం బడిపిల్లల కళ్లు చూసింది, మంచిదే. కానీ బడికి వెళ్లే ఈడు దాకా ఆగితే ఈ కన్ను అయిదేళ్లు పోగొట్టుకుంటుంది. అద్దాలు, బాగున్న కంటికి రోజుకు రెండు గంటల పట్టీ, ఇంత చిన్న వైద్యం ఏడెనిమిదేళ్లలోపు బాగా పనిచేస్తుంది, తరువాత తగ్గుతూ పోతుంది. కన్ను కారుతోందని బిడ్డను డాక్టరు దగ్గరకు ఎత్తుకెళ్లే అమ్మలకు, అమ్మమ్మలకు ఒక్క మనవి: కాలువ సంగతి అయ్యాక లేచి రాకండి, చుక్కలు వేసి రెండు కళ్ల పవర్ కూడా చూడమని అడగండి.