ఏడిపించడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలు?

పోయిన నెల మన గోడ పత్రికలో కథలు, పొడుపు కథలు వచ్చినవి. ఈసారి నేను ఇంగ్లీషు క్రియల గురించి రాస్తున్నాను. గ్రామరు అనంగానే పక్క చార్టుకు పోకండి. ఈ గ్రామరు వల్లనే నేను వారం రోజులు వరండా ఊడ్చిన. చిన్న తరగతుల వాళ్లు కూడా చదవాలని ఇంగ్లీషు మాటలను తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. తప్పులుంటే పెన్సిలుతో దిద్దండి. పెన్నుతో వద్దు, చార్టు పాడవుతది.

ముందు జరిగిన సంగతి. సెలవుల తర్వాత ఆరో తరగతిలో ఒక కొత్త పాప చేరింది. నాలాగే కోయ పిల్ల. ఒకరోజు సాయంత్రం బోరింగు దగ్గర బట్టలు ఉతుక్కుంటూ నేను మా గూడెంలో ఇప్పపువ్వు ఏరేటప్పుడు పాడే పాట పాడుతున్నాను. ఆ పాప విన్నది. బకెట్ అక్కడనే పెట్టి ఏడుపు మొదలుపెట్టింది. ఎంత అడిగినా చెప్పలేదు. రాత్రి అన్నం కూడా తినలేదు.

మేడం వచ్చి, "ఈ పిల్లను ఎవరే ఏడిపించింది?" అని అడిగారు.

"నేనే మేడం" అన్నాను. నా పాట వినే కదా ఏడ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలె?

ఆ వారం మాకు ఇంగ్లీషు వారం. ఏది రాసినా ఇంగ్లీషులోనే రాయాలి. జరిగింది కాగితం మీద రాసి ఇమ్మన్నారు. డిక్షనరీ తీసి వెతికి ఇట్లా రాశాను: "మై సాంగ్ ప్రొవోక్డ్ హర్. ఐ మేడ్ హర్ క్రై." నా మనసులో ఉన్నది ఏమంటే, నా పాట వల్ల ఆమెకు దుఃఖం వచ్చింది అని. మేడం చదువుకున్నది ఏమంటే, నేను పాట కట్టి వెక్కిరించి, కావాలని రెచ్చగొట్టి ఏడిపించాను అని. అంతే, చీపురు చేతికి వచ్చింది.

స్టడీ అవర్‌లో ఇంగ్లీషు సార్ దగ్గరికి ఆ కాగితం పట్టుకపోయిన. సార్ చదివి నవ్వారు. "తప్పు నీది కాదు, ప్రొవోక్‌ది" అని బోర్డు దగ్గరికి పిలిచారు. ఆ రోజు సార్ చెప్పింది, తర్వాత నేను లైబ్రరీలో చూసుకున్నది కలిపి రాస్తున్నాను.

మన తెలుగులో ఒకరు ఇంకొకరితో ఏదైనా చేయిస్తే క్రియకు 'ఇంచు' తగిలిస్తాం. నవ్వు – నవ్వించు, రాయు – రాయించు, తిను – తినిపించు, ఏడ్చు – ఏడిపించు. దీన్ని ప్రేరణార్థకం అంటారు. 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణంలో కూడా ఈ 'ఇంచు' సంగతి ఉన్నది. ఇది చాలా మంచి సౌకర్యం. కాని ఒక చిక్కున్నది. "జోకర్ అందరినీ నవ్వించాడు" అంటాం. "నేను బురదలో జారిపడి అందరినీ నవ్వించాను" అని కూడా అంటాం. జోకర్ కావాలని నవ్వించాడు. నేను కావాలని పడలేదు. 'ఇంచు'కు ఆ తేడా పట్టదు. ఏడిపించు అయితే ఇంకా కష్టం. ఏడిపించడం అంటే ఏడుపు తెప్పించడం, సతాయించడం కూడా. మేడం అడిగింది రెండోది, నేను ఒప్పుకున్నది మొదటిది. అంటే నా తిప్పలు ఇంగ్లీషు కంటే ముందు తెలుగులోనే మొదలైనవి!

ఇంగ్లీషు వాళ్లకు 'ఇంచు' లాంటి తోక లేదు. అందుకని విడివిడి మాటలు పెట్టుకున్నారు. అన్నిటికంటే సులువైనది మేక్. "ఐ మేడ్ హర్ క్రై" అంటే ఏడిపించాను. ఇక్కడ అందరం చేసే తప్పు ఒకటున్నది. "ఐ మేడ్ హర్ టు క్రై" అని రాస్తాం. అట్లా రాయొద్దు, మేక్ తర్వాత 'టు' రాదు. కాని పాసివ్ వాయిస్ చేస్తే పోయిన 'టు' మళ్లీ వస్తది: "షి వాజ్ మేడ్ టు క్రై." ఎందుకని అడిగితే సార్ "వాళ్ల ఇష్టం" అన్నారు. పరీక్షలో ఇది అడుగుతారు, గుర్తు పెట్టుకోండి.

కాజ్ అంటే కారణం కావడం. ఇది ఎక్కువగా చెడ్డ వాటితోనే కనబడుతది. నొప్పి, నష్టం, రోగం, ఇబ్బంది, వీటన్నిటికీ కాజ్ వాడతారు. మన ఏజెన్సీలో అందరికీ తెలిసిన చలిజ్వరం తీసుకోండి. "దోమలు మలేరియా కలిగిస్తాయి" అని నేను సైన్సు నోట్సులో రాసుకున్నాను. నిజానికి కాజ్ చేసేది దోమ కాదు, ప్లాస్మోడియం అనే కంటికి కనబడని జీవి. దోమ దాన్ని మోసుకొస్తది. ఈ జీవి దోమ కడుపులో ఉన్నదని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే కనిపెట్టారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి కాజ్ రాసేముందు అసలు కారణం ఎవరో చూసుకోవాలి. మోసుకొచ్చినదాని మీద తప్పు వేయొద్దు.

ఇప్పుడు ప్రొవోక్. లాటిన్ భాషలో 'వొకారె' అంటే పిలవడం. వాయిస్, వోకల్ అనే మాటలు కూడా ఆ కుటుంబానివే. 'ప్రొ' అంటే ముందుకు. ప్రొవోక్ అంటే "రా, బయటికి రా, చూసుకుందాం" అని పిలిచినట్టు. మన రెచ్చగొట్టు దీనికి దగ్గర. మనిషి మనిషిని ప్రొవోక్ చేశాడంటే చదివేవాళ్లు కావాలనే చేశాడు అనుకుంటారు. కాని ప్రొవోక్ తర్వాత మనిషి కాకుండా కోపం, నవ్వు, చర్చ లాంటిది వస్తే కావాలని చేశాడనే అర్థం ఉండాల్సిన పని లేదు. "హిజ్ ఆన్సర్ ప్రొవోక్డ్ లాఫ్టర్" అంటే అతని జవాబుకు నవ్వులు వచ్చినవి అని మాత్రమే. నేను ప్రొవోక్ పక్కన 'హర్' పెట్టాను. అక్కడ దొరికిపోయాను.

ఈ మాట చిన్నది కాదు. ఎవరైనా తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొడితే ఒళ్లు తెలియని కోపంలో జరిగిన చావును చట్టం మామూలు హత్యగా లెక్కించదట. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో అట్లా ఉండేది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో కూడా ఉన్నది. అంటే కోర్టులో ఈ ఒక్క మాట మీద మనిషి శిక్ష మారుతది. నాకు వరండా ఒక్కటే పడ్డది, నయం.

ప్రొవోక్ పక్కనే ఇన్‌సైట్ అని ఇంకో మాట ఉన్నది. కుక్కను "ఉస్కో" అని పంపినట్టు మనుషులను గొడవకు ఉసిగొల్పడం. రెంటికీ తేడా నాకు మొదట అర్థం కాలేదు. సార్ మేడారం కథతో చెప్పారు. ఆ కథ మనకు పుట్టినప్పటి నుంచి తెలిసిందే కదా. కరువు వచ్చి పంటలు లేక పగిడిద్ద రాజు కప్పం కట్టలేకపోయాడు. కాకతీయ ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. సమ్మక్క, సారలమ్మ, జంపన్న అందరూ పోరాడారు. జంపన్న సంపెంగ వాగులో పడి ప్రాణం విడిచాడు, అప్పటినుంచి అది జంపన్న వాగు అయింది. సార్ బోర్డు మీద రెండు వాక్యాలు రాశారు. మొదటిది: "ద డిమాండ్ ఫర్ ట్రిబ్యూట్ ప్రొవోక్డ్ ద కోయాస్ ఇంటూ ఫైటింగ్." రెండోది: "సమ్మక్క ఇన్‌సైటెడ్ ద కోయాస్ టు ఫైట్."

"ఏది రాస్తే తప్పు ఎవరి మీద పడుతది?" అని అడిగారు. క్లాసంతా ఒక్క నిమిషం ఊకున్నది. మొదటి వాక్యంలో తప్పు కప్పం అడిగిన వాళ్లది. రెండో వాక్యంలో తప్పు సమ్మక్క తల్లిది, కోయవాళ్లు ఎవరో చెబితే పోయిన అమాయకులు. యుద్ధం అదే, వాగు అదే, నెత్తురు అదే. ఒక్క క్రియ మారింది. మా వెనక బెంచి అమ్మాయి లేచి, "సార్, రెండోది తుడిచేయండి" అన్నది. సార్ తుడిచేశారు. అప్పటినుంచి పేపర్లో "గిరిజనులను రెచ్చగొట్టారు" అని చూస్తే నేను ఆగి చదువుతున్నాను. ఎవరు రెచ్చగొట్టిన్రు? ఏ మనిషి, లేక ఏ ఆకలి?

ట్రిగ్గర్ అందరికీ తెలుసు, తుపాకీకి ఉంటది. మేడారం జాతరలో చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చేటప్పుడు పోలీసు సార్లు గాల్లోకి కాలుస్తారు కదా, అప్పుడు వేలు పెట్టి లాగేదే ట్రిగ్గర్. డచ్చి భాషలో లాగడం అనే మాట నుంచి వచ్చిందట. లాగడానికి చిటికెడు బలం చాలు. ఎందుకంటే మందు లోపల ముందే కూరి ఉన్నది. కాబట్టి ట్రిగ్గర్ అనే క్రియ వాడితే, లోపల చాలా రోజుల నుంచి ఏదో నిండి ఉన్నది, చిన్న దానితో పేలింది అని అర్థం. దీనికి గోదావరి ఏజెన్సీలో 1879లో జరిగిన రంప తిరుగుబాటు మంచి ఉదాహరణ. అప్పటికే మన్సబుదారు పన్నులు, వ్యాపారుల మోసాలు ఏళ్లుగా ఉన్నవి. ఆ పైన బ్రిటిష్ ప్రభుత్వం తమ ఇంటి కోసం కల్లు గీసుకునే దాని మీద కూడా కట్టడి పెట్టింది. చిగురుపన్ను అనేవారు. అప్పుడు కొండలు లేచినవి. కల్లు పన్ను ట్రిగ్గర్ చేసింది అని రాయొచ్చు. కల్లు పన్ను ఒక్కటే కాజ్ అని రాస్తే మాత్రం, కల్లు కోసం కొట్లాడిన్రు అని నవ్వేవాళ్లు ఉంటారు. కూరిన మందు సంగతి రాయకుండా ట్రిగ్గర్ సంగతి రాయొద్దు. ఇది సార్ చెప్పలేదు, నాకే తోచింది.

ప్రాంప్ట్ అంటే ఒకటి జరగడం చూసి ఇంకొకటి చేయాలని కదలడం. 1940లో జోడెఘాట్ దగ్గర కుమ్రం భీం చనిపోయిన తర్వాత, గోండులకు ఎందుకింత కోపమొచ్చిందో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే ఆయనకు పని అప్పజెప్పింది. భీం చావు ప్రభుత్వాన్ని ఆ పనికి ప్రాంప్ట్ చేసింది. ఆస్ట్రియా నుంచి వచ్చిన ఆ హైమండార్ఫ్ మార్లవాయి గూడెంలో ఉండి గోండు పిల్లలకు బడులు పెట్టించాడు. పెట్టించాడు, చూశారా, మన 'ఇంచు' మళ్లీ వచ్చింది. ఇక్కడ ఇంగ్లీషులో మేక్ పనికిరాదు. "హి గాట్ స్కూల్స్ ఓపెన్డ్" అనాలి.

ఎలిసిట్ అంటే లోపల ఉన్నదాన్ని మెల్లగా బయటికి తీయడం. జవాబు, సమాచారం, మాట, ఇట్లాంటి వాటికి వాడతారు. చెట్టుకు గాటు పెట్టి బంక వచ్చేదాకా ఆగినట్టు. సార్ క్లాసులో మమ్మల్ని అడిగి అడిగి జవాబు చెప్పించేది ఎలిసిట్. ఇదే చప్పుడుతో ఇల్లిసిట్ అని ఇంకో మాట ఉన్నది, దానికి చట్టవిరుద్ధం అని అర్థం. ఇల్లిసిట్ లిక్కర్ అని పేపర్లో వస్తది, అది సారా. రెండూ కలిపేస్తే పరువు పోతది.

అరౌజ్ నిద్ర లేపినట్టు. అనుమానం, ఆసక్తి లాంటివి లేవడానికి వాడతారు. ఇండ్యూస్ డాక్టర్లు ఎక్కువగా వాడతారు, మందుతో నిద్ర తెప్పించడం లాంటిది. ఈ రెండూ మనకు పదో తరగతిలో చూసుకుంటే చాలు.

నాకు కావలసింది చివరికి మిగిలింది. ఎవోక్. ఇది కూడా వొకారె కుటుంబమే, ప్రొవోక్‌కు చెల్లెలు. 'ఎ' అంటే లోపలి నుంచి బయటికి. మనసులో పండుకొని ఉన్న జ్ఞాపకాన్ని, జాలిని, ప్రేమను పేరు పెట్టి పిలిస్తే బయటికి వచ్చినట్టు. ఎవోక్‌లో కొట్లాట లేదు. ఎండాకాలం పొద్దున్నే ఇప్పపువ్వు వాసన వస్తే నాకు మా అవ్వ గంప గుర్తుకొస్తది. పువ్వు నన్ను ఏమీ అనలేదు, పిలిచింది అంతే. ఇదే కుటుంబంలో ఇన్వోక్ అంటే దేవతను పిలవడం, రివోక్ అంటే ఇచ్చిన ఆజ్ఞను వెనక్కి పిలవడం. వడ్డెలు సమ్మక్క తల్లిని గద్దె మీదికి పిలిచేది ఇన్వోక్ అన్నమాట.

మరునాడు ఆ పాపను కూర్చోబెట్టుకొని కోయలో అడిగాను. ముందు ఏమీ చెప్పలేదు. తర్వాత చెప్పింది. ఆ పాట వాళ్ల అమ్మ కూడా పాడేదట. అమ్మ పోయిన చలికాలంలో చనిపోయిందట. బడిలో చేరినంక ఆ పాట మళ్లీ వినడం అదే మొదటిసారట. మేడం అడిగితే తెలుగులో ఇదంతా చెప్పడం ఆమెకు రాలేదు. (నేను చేసింది ఎలిసిట్ అనుకుంటా.)

ఆ రాత్రి కొత్త కాగితం మీద రాశాను: "మై సాంగ్ ఎవోక్డ్ ద మెమరీస్ ఆఫ్ హర్ మదర్. ఐ డిడ్ నాట్ ప్రొవోక్ హర్." సార్ చూసి ఒక 'ద' కొట్టేశారు, మిగతా అంతా సరిగ్గా ఉన్నదన్నారు. మేడం చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ పాపను దగ్గరికి తీసుకొని, నాకు "ఇక ఊడ్వకు" అని చెప్పారు.

కాని వారంలో అప్పటికి ఆరు రోజులు అయిపోయినవి. ఏడో రోజు నేనే ఊడ్చిన. ఆ పాప ఇంకో చీపురు తెచ్చుకొని అవతలి చివర నుంచి మొదలుపెట్టింది.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని