చిమ్మచీకట్లో ఆ బొమ్మలెందుకు? అవి ఎలా గీశారు?

గుహల్లో ఆదిమానవులు గీసిన బొమ్మల మాట వచ్చినప్పుడల్లా ‘పాపం, పొద్దుపోక గీసుంటారు’ అని తేల్చేసేవాళ్ళు ఒకరిద్దరైనా ఉంటారు. పొద్దుపోనివాళ్ళు వెలుతురున్న చోట కూర్చుని గీసుకుంటారు. దక్షిణ ఫ్రాన్స్‌లోని నియో గుహలో ముఖ్యమైన బొమ్మల దగ్గరికి చేరాలంటే ద్వారం నుంచి అర కిలోమీటరుకు పైగా లోపలికి నడవాలి. అక్కడికి ఎండపొడ అన్నది రాదు. అంత లోపలికి వెళ్ళాలంటే దీపం కావాలి, దీపంలోకి కొవ్వు కావాలి, రంగు ముందే నూరిపెట్టుకోవాలి, దారి తెలిసినవాళ్ళు తోడుండాలి. ఇది పొద్దుపోక చేసిన పనిలా లేదు.

ఎందుకు గీశారన్నది చిక్కు ప్రశ్న. ఎలా గీశారన్నదానికి మాత్రం ఆధారాలు చేతికి దొరుకుతాయి. ముందు అటునుంచే వద్దాం.

మొదట వెలుతురు. ఫ్రాన్స్‌లోనే లాస్కో అనే గుహ 1940 సెప్టెంబరులో నలుగురు కుర్రాళ్ళ కంటబడింది. అందులోని బొమ్మలు సుమారు 17 వేల ఏళ్ళ నాటివి. లోపల బావిలా నిలువునా దిగే ఒక చోట, ఎర్రటి ఇసుకరాయిని చెక్కి చేసిన దీపం దొరికింది. మన ప్రమిదకు పొడుగాటి పిడి తగిలించినట్టు ఉంటుంది. గుంటలో కొవ్వు కరిగించి, జూనిపర్ పుల్లల్ని వత్తిగా వెలిగించిన ఆనవాళ్ళు అందులో మిగిలాయి. అంతకన్నా నన్ను ఆపేసింది దాని పిడి. నున్నగా అరగదీసి, దాని మీద గీతల గుర్తులు చెక్కారు. గోడల మీదా అలాంటి గుర్తులే ఉన్నాయి. వెలగడానికి గుంట ఉంటే చాలు, పిడిని అంత ముస్తాబు చేయనక్కర్లేదు. చేశారంటే వాడుకునే వస్తువు కూడా అందంగా ఉండాలని, తమదని తెలియాలని అనుకున్నవాళ్ళన్నమాట.

ఇక రంగు. పల్లెల్లో గోడలకూ గడపలకూ పూసే జేగురు, కొన్నిచోట్ల జాజు అంటారు, అది ఇనుము కలిసి ఎరుపెక్కిన మన్ను. గుహల్లోని ఎరుపు కూడా ఆ మన్నుదే. పసుపు మన్నును నిప్పుల్లో కాలిస్తే అందులోని నీరు పోయి ఎర్రబడుతుంది. ఈ కిటుకు వాళ్ళకు తెలుసు. నలుపు కావాలంటే బొగ్గు, లేదా మాంగనీసు ఉన్న రాయి. రంగు కలిపే పని బొమ్మల కన్నా పాతది. దక్షిణాఫ్రికాలోని బ్లోంబోస్ గుహలో 2008లో రెండు పెద్ద సముద్రపు గుల్లలు బయటపడ్డాయి. వాటిలో ఎర్రమన్ను పొడి, బొగ్గు, నలగ్గొట్టిన ఎముక కలిపిన ముద్ద తాలూకు మరకలున్నాయి. పక్కనే నూరే రాళ్ళు. వాటి వయసు సుమారు లక్ష ఏళ్ళు.

పూయడానికి వేళ్ళు వాడారు, మెత్తటి కూర్చ వాడారు, నోటితో ఊదారు కూడా. ఫ్రాన్స్‌లోని పెష్ మెర్ల్ గుహలో ఒంటినిండా చుక్కలున్న రెండు గుర్రాలున్నాయి. మిషెల్ లోర్‌బ్లాంషె అనే ఫ్రెంచి పురాతత్వవేత్త అవి ఎలా వేశారో తేల్చుకోవాలని బొగ్గు నమిలి, ఉమ్మితో కలిపి గోడ మీదికి చిమ్మి అలాంటి గుర్రాల్నే గీసి చూశాడు. అరచెయ్యి అడ్డం పెట్టి చిమ్మితే ఒకపక్క అంచు పదునుగా వస్తుంది, రెండోపక్క రంగు పల్చబడుతుంది. గోడ మీద ఉన్నది అచ్చం అదే తీరు. ఈ గుర్రాలకు మరో కథ ఉంది. చుక్కల గుర్రాలు ఆ కాలంలో ఎక్కడివి, ఊహించి వేసి ఉంటారని చాలామంది అనుకున్నారు. 2011లో పాత గుర్రాల ఎముకల్లోని డీఎన్ఏ పరీక్షిస్తే అలాంటి చుక్కలు తెచ్చే జన్యువు అప్పటికే ఉందని తేలింది. వాళ్ళు చూసిందే గీశారని నమ్మడానికి ఇప్పుడు గట్టి ఆధారమే ఉంది.

ఎత్తులో ఉన్న బొమ్మల సంగతేమిటి? లాస్కోలో ఒకచోట మనిషి ఎత్తుకు పైన గోడకు దూలాలు దూర్చిన బొక్కలు కనిపిస్తాయి. పరంజా కట్టారు. కర్రలు నరికి, లోపలికి మోసుకొచ్చి, కట్టి, దీపం పట్టుకునేవాళ్ళను పక్కన పెట్టుకుని గీశారు. అంటే పని పంచుకునే మనుషులు, గీసేవాళ్ళకు తిండి పెట్టే గుంపు వెనక ఉన్నట్టే. ఆ గుంపులో పిల్లలూ ఉన్నారు. ఫ్రాన్స్‌లోనే రూఫిన్యాక్ గుహలో మెత్తటి గోడ మీద వేళ్ళతో లాగిన గీతల వెడల్పు కొలిస్తే కొన్ని చిన్నపిల్లలవని తేలింది. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో గడ్డం పెంచుకున్న మగవాడే గోడ ముందు కనిపించడానికి ఆధారమంటూ ఏమీ లేదు.

వయసెలా చెబుతారు? బొగ్గుతో గీస్తే అందులోని కార్బన్ లెక్క కట్టవచ్చు. ఫ్రాన్స్‌లోని ఆర్డెష్ లోయలో 1994లో బయటపడిన షోవే గుహ బొమ్మల్లో పాతవి సుమారు 36 వేల ఏళ్ళ నాటివని అలాగే తేలింది. జేగురులో ఆ కార్బన్ ఉండదు. అప్పుడు బొమ్మ మీద పేరుకున్న సున్నపు పొరలో యురేనియం ఎంత థోరియంగా మారిందో కొలుస్తారు. పొర వయసు తెలిస్తే, బొమ్మ కనీసం అంత పాతదని తెలుస్తుంది. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో, ఒక అడవిపందితో మనుషుల్లాంటి ముగ్గురున్న బొమ్మకు కనీసం 51,200 ఏళ్ళని 2024లో ప్రకటించారు. కళ యూరప్‌లో పుట్టిందనే మాట దీంతో నిలవదు.

ఇప్పుడు ‘ఎందుకు’. వేట బాగా సాగాలని చేసిన మంత్రతంత్రం అని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. కానీ లాస్కోలో దొరికిన తిండి ఎముకల్లో అత్యధికం రెయిన్‌డీర్‌వి. గోడ మీద మాత్రం రెయిన్‌డీర్ బొమ్మ ఒక్కటే. మిగతావాటిలో ఎక్కువ గుర్రాలు, అడవి ఎద్దులు, వేరే రకం జింకలు. షోవేలో సింహాలూ ఖడ్గమృగాలూ బారులు తీరి ఉంటాయి. వాటిని మామూలుగా వండుకు తినేవాళ్ళు కాదు. పూనకంలో కనిపించినవి గీశారని పురాతత్వవేత్తలు జాన్ క్లోట్, డేవిడ్ లూయిస్ విలియమ్స్ 1996లో వాదించారు. కొన్ని బొమ్మలకు అది నప్పుతుంది, అన్నిటికీ నప్పదు. 30 వేల ఏళ్ళకు పైగా, రెండు మూడు ఖండాల్లో సాగిన పనికి ఒకే కారణం చెప్పేవారి మాట నమ్మనక్కర్లేదని నా అభిప్రాయం. గీసినవాటికన్నా గీయనివే ఎక్కువ చెబుతాయేమో! ఐరోపా గుహల్లో చెట్టు లేదు, కొండ లేదు, సూర్యుడు లేడు. మనిషి ఎక్కడో అరుదుగా, అదీ ఆదరాబాదరాగా గీసినట్టు కనిపిస్తాడు. ఎదుట కనిపించే ప్రతిదీ గీసేయలేదు, ఎంచుకుని గీశారు.

ఈ తెలివిని ఒప్పుకోవడానికి పండితులకే చాలాకాలం పట్టింది. 1879లో స్పెయిన్‌లోని ఆల్టమీరా గుహలో మార్సెలీనో సాన్స్ ది సౌతుఓలా అనే ఆయన పాత వస్తువుల కోసం నేల తవ్వుకుంటుంటే, అతని చిన్నారి కూతురు తలెత్తి పైకప్పు మీద బైసన్లనే అడవిదున్నల గుంపును చూసింది. రాతి ఉబ్బునే దున్న ఒళ్ళుగా వాడుకుని గీసిన బొమ్మలవి. అవి ఎవరో మొన్న గీసినవని నిపుణులు కొట్టిపారేశారు. ఎమీల్ కార్తయ్యాక్ అనే పండితుడు తమ తప్పు ఒప్పుకుంటూ 1902లో వ్యాసం రాశాడు. అప్పటికి సౌతుఓలా పోయి పద్నాలుగేళ్ళయింది.

మన దేశంలో బొమ్మలు ఎక్కువగా గుహల లోతుల్లో కాక, గాలీ వెలుతురూ తగిలే రాతి చరియల కింద ఉంటాయి. 1957లో పురాతత్వవేత్త వాకణ్కర్ కంటబడ్డ, మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా అలాంటిదే. భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్టలు, కడప జిల్లా చింతకుంట కూడా అంతే. కాబట్టి చీకటి గుహలకు చెప్పే కారణాలు వీటికి అతికించకూడదు. ఇవి బతకడం కూడా అంత తేలిక కాదు. తాళం వేసి కాపాడే గుహలోనే జనం ఊపిరికి గోడలు పాచిపట్టి, లాస్కోను 1963లో మూసేయాల్సి వచ్చింది. మన చరియలకు తలుపే లేదు. చూడ్డానికి వెళ్తే బొమ్మ స్పష్టంగా కనబడాలని నీళ్ళు చల్లకండి, చేత్తో రుద్దకండి, పక్కన పేర్లు రాయకండి. రాసేవాళ్ళు కనిపిస్తే వద్దని చెప్పండి.